జీపు వెనక చప్పుడు

తారకాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ సందేహం పట్టుకొచ్చినా, ముందు వాళ్ళ చేతిలో ఉన్న పనేమిటో అడిగేవారు. పని సగంలో ఉండగా ఎంత మంచి మాటైనా చెవికెక్కదని ఆమె నమ్మకం.

పాడేరు కొండల్లోని ఆమె ఆశ్రమానికి గౌరినాయుడు వచ్చి ఏడాది దాటింది. వస్తూ తన పాత జీపును కూడా తెచ్చుకున్నాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే బండి అది. రోడ్డు లేని గూడేలకు కూడా ఎక్కిపోతుంది. పూర్వం అతనూ అతని భార్య నూకాలూ ఆ జీపులోనే సంతలన్నీ తిరిగేవారు. ఒక వానాకాలం నూకాలు విషజ్వరంతో పోయింది. ఆ తరువాత అతను ఆశ్రమానికి బియ్యమూ మందులూ చేరవేసేవాడే తప్ప, దారిలో మనుషులను ఎక్కించుకోవడం మానేశాడు.

ఒక ఉదయం అతను గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఎనక్కి సూడకుండా బతకడం ఎలాగో సెప్పండి. నా వల్ల అవట్లేదు."

"చేతిలో పనేముంది నాయుడూ?"

"జీపు ఎనకాల ఏదో కొడతందమ్మా. గోతిలో పడినప్పుడల్లా ధణ్‌మంటాది. ఎక్కడో తెలట్లేదు."

"పద, చూద్దాం."

అతను చూడనిది లేదు. కొండ దిగువ షెడ్డులో స్ప్రింగుల్లోని రబ్బరు బుష్‌లు మార్పించాడు. స్ప్రింగు పట్టీల బోల్టులు తానే బిగించాడు. గేరు మార్చినప్పుడు చప్పుడు రాదు కనుక చక్రాలను తిప్పే షాఫ్టు తప్పు కాదని తేల్చాడు. స్టెప్నీ విప్పి పక్కన పెట్టి నడిపాడు. అయినా గొయ్యి వచ్చేసరికి ధణ్‌మనేది. అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది.

ఇదంతా విని ఆమె, "ఎప్పుడూ ముందు కూర్చునే విన్నావా?" అని అడిగారు.

"నడపాలి కదమ్మా."

"తాళం ఇటివ్వు. నువ్వు వెనకెక్కు."

ఆశ్రమం పెట్టకముందు ఆమె కొండ గూడేలకు వైద్యం చేయడానికి సొంతంగా జీపు నడుపుకుంటూ తిరిగిన మనిషి. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గేరు వేసి, రాళ్ళబాట పట్టించారు. వెనక ఎదురెదురుగా రెండు ఇనప బల్లలు. ఎడమదాని మీద బియ్యం బస్తాలున్నాయి. కుడివైపుది ఖాళీ. గౌరినాయుడు ఒక్క క్షణం తటపటాయించి, ఆ ఖాళీ బల్ల అంచున కూర్చున్నాడు. ఆ జీపు కొన్నాక అతను అక్కడ కూర్చోవడం అదే మొదలు.

గోతులు వచ్చాయి, పోయాయి. చప్పుడు లేదు.

"వినబడిందా?" అని ఆమె కేకవేశారు.

"లేదమ్మా!"

చక్రాల దగ్గరేమోనని అతను బల్ల మీంచి లేచి, కడ్డీ పట్టుకుని కింద గొంతుక్కూర్చున్నాడు. జీపు మరో గోతిలో దిగింది. ధణ్! సరిగ్గా అతని చెవి పక్కనే. ఖాళీ బల్ల ఎగిరి పడింది. దాని ముందుకాలి బోల్టు అరిగి వదులైపోయింది. మనిషి కూర్చుంటే ఆ బరువుకు అణిగి ఉంటుంది. ఎవరూ లేకపోతే లేచి లేచి బండి రేకును కొడుతుంది.

ఆమె జీపు ఆపి వెనక్కి వచ్చారు. అతను పెట్టెలోంచి కొత్త బోల్టూ పానా తీసి, పాతదాన్ని మార్చాడు. కానీ బిగించకుండా చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏమయింది?"

"నూకాలు ఈడే కూకునేదమ్మా. దారిలో ఎవురైనా బరువులతో అగుపిస్తే గాజుల సెయ్యెత్తి ఈ రేకు మీద కొట్టేది. ధణ్‌మనగానే నాను ఆపీవోడిని." పానా కింద పెట్టాడు. "ఇది బిగించీసినాక నన్ను ఇంకెవురు పిలుస్తారు?"

తారకాంబ గారు ఖాళీ బల్ల మీద చెయ్యి వేసి ఒకసారి కదిపి చూశారు. లోయలో ఎక్కడో పశువుల మెడగంటలు వినిపిస్తున్నాయి.

"బిగించు నాయుడూ," అన్నారు. "వదులుగా ఉంటే ఎవరైనా కూర్చుని పడతారు."

అతను బిగించాడు. తిరుగుదారిలో తానే నడిపాడు. ఆమె పక్కన కూర్చున్నారు. గోతులన్నీ ఊరికే గడిచిపోతున్నాయి. ఆ నిశ్శబ్దం అతనికి చప్పుడు కన్నా బరువుగా ఉంది. ప్రతి గోతి దగ్గరా చెవి వెనక్కి పెట్టేవాడు. ఏమీ వినిపించేది కాదు. కళ్ళ నీళ్ళకు దారి మసకేసింది.

మలుపు తిరిగాక ఇద్దరు ఆడవాళ్ళు విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపులతో బాటపక్కకు ఒదిగి నిలబడ్డారు. ఆ జీపు ఆగదని తెలిసినవాళ్ళు కనుక చెయ్యి ఎత్తలేదు. గౌరినాయుడు వాళ్ళను దాటి కొంతదూరం పోయాడు. అక్కడ బ్రేకు వేశాడు. గురువుగారు అతని వైపు చూడలేదు. అతను జీపును నెమ్మదిగా వెనక్కి తెచ్చి, వాళ్ళ ముందు ఆపి, "ఎక్కండమ్మా" అన్నాడు.

వాళ్ళు నమ్మలేనట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మోపులు లోపలికి తోసి, కుడివైపు బల్ల మీదికి ఎక్కుతున్నారు. గౌరినాయుడు రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న బాటనే రెప్పవేయకుండా చూస్తున్నాడు.

"వెనక్కి చూడు నాయుడూ," అన్నారు తారకాంబ గారు. "వాళ్ళు సరిగ్గా కూర్చున్నాక కదులు."