ఊదని ఊపిరి

షికాగోలో జాజ్ క్లబ్బులు కళకళలాడిన రోజుల్లో ఎల్మోర్ ట్రంపెట్ ఎత్తితే జనం గ్లాసులు కింద పెట్టి వినేవాళ్లు. తరవాత ఆ క్లబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జనం సోల్ పాటల వైపు మళ్లారు. ప్రార్థనలో పాడినట్టు గుండె విప్పి పాడే పాటలవి. వాటిలో గొంతుదే రాజ్యం.

బతకాలి కనుక ఎల్మోర్ ఆ పాటలకు వాద్యాలు కూర్చే పనిలో చేరాడు. ఎవరు ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆపాలో రాసివ్వడం అతని వంతు. వాయించేది వేరేవాళ్లు. స్టూడియో అద్దం ఇవతల కూర్చుని వింటుంటే అతని పెదవులు వాటంతటవే బిగుసుకునేవి.

ఒకరోజు ఎర్లీన్ అనే గాయని పాట మధ్యలో ఆపేసింది. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని భర్త కోసం ఆమే కట్టుకున్న పాట అది.

"నేను ఊపిరి తీసుకునేలోపు నీ ట్రంపెట్లు వచ్చి పడుతున్నాయి ఎల్మోర్. ఇంక నేను ఆయన్ని పిలిచేదెప్పుడు?" అంది.

"రేపు కూడా ఇలాగే ఉంటే ఇంకొకరిని చూసుకుంటాం," అన్నాడు స్టూడియో యజమాని ఎల్మోర్‌తో.

ఎల్మోర్ తన గురువు అలొంజో ఇంటికి వెళ్లాడు. ఆ ముసలాయన వంటగదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

"మాస్టారూ, రాసిన ప్రతి వరసా నేను వాయించాలనుకున్నదే. తీసేయమంటే చెయ్యి రావడం లేదు. ఈ పని మానేస్తాను."

అలొంజో చేతిలో కాయ పూర్తిచేసి గిన్నెలో వేశాడు. "రేపు నీ ట్రంపెట్ పట్టుకురా. నేనూ వస్తాను."

మర్నాడు ఉదయం స్టూడియోలో ఆయన మిగతా వాద్యాలవాళ్లను కూర్చోమన్నాడు. ఎర్లీన్ పక్కన ఎల్మోర్‌ని నిలబెట్టి, అరచెయ్యి పైకెత్తాడు.

"నేను చెయ్యి దించినప్పుడు వాయించు."

ఎర్లీన్ మొదలుపెట్టింది. మొదటి మాట ముగిసింది. ఎల్మోర్ ట్రంపెట్ పెదవులకు ఆనించి గుండెనిండా గాలి తీసుకున్నాడు. గురువు చెయ్యి దిగలేదు. తీసుకున్న గాలి మెల్లగా వదిలేశాడు.

మళ్లీ ఖాళీ వచ్చింది. మళ్లీ చెయ్యి దిగలేదు. ఎర్లీన్ భర్తను పేరు పెట్టి పిలిచింది. పిలిచి, ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎల్మోర్ ఆమె ముఖం చూశాడు. ఇన్ని రోజులుగా ఆమె పాడుతుంటే ఎప్పుడూ చూడలేదు. జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడి ఉంది.

పాట అయిపోయింది. చెయ్యి అలాగే ఉంది. ఎల్మోర్ కళ్లు తడిశాయి.

"వాయించాలనిపించిందా?" అడిగాడు గురువు.

"గిలగిలలాడిపోయాను మాస్టారూ."

అలొంజో చెయ్యి దించి, పెన్సిల్ తీసి అతనికి అందించాడు.

"అది రాయి."

టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ పాట ఆ మధ్యాహ్నమే రికార్డయింది. మొదలుపెట్టబోయే ముందు ట్రంపెట్ కుర్రాళ్లలో ఒకడు కొత్త కాగితం తిప్పి చూసుకున్నాడు.

"ఆవిడ పేరు పెట్టి పిలిచాక ఇక్కడేమీ రాయలేదేం సార్? మేమేం చెయ్యాలి?"

"ట్రంపెట్ పెదవులకు ఆనించి పట్టుకోండి," అన్నాడు ఎల్మోర్.