కిందికి వేలాడిన కాలు

ఉదయం ఏడూ పదికి డాక్టర్ జగ్గారావు గారు స్కానింగ్ గదిలో జెల్ సీసాను వేడినీళ్ల మగ్గులో నిలబెట్టారు. రోజూ చేసే పనే. చల్లటి జెల్ తగిలితే సన్నటి నాళాలు ముడుచుకుంటాయని ఆయన పట్టింపు. శిష్యురాలు డాక్టర్ నీలవేణి, ముందురోజు తాను రాసిన రిపోర్టుతో పక్కనే నిలబడింది. మోకాలి కింద రక్తప్రవాహం లేదని అందులో రాసింది. సింహాద్రి అనే బస్సు డ్రైవరు ఎడమ కాలు రేపు తీసేయాలని దాన్నిబట్టే నిర్ణయమైంది. కిడ్నీలు బాగాలేవు గనక మందు ఎక్కించి తీసే సీటీ అతనికి కుదరదు. ఉన్న ఆధారమల్లా ఈ స్కానే.

ఆ స్కాన్ గురువు మళ్లీ చేస్తాననడం నీలవేణికి కాస్త గుచ్చుకుంది.

"ఎంతసేపు వెతికాక లేదని రాయొచ్చు సర్?" అని అడిగింది.

ఆయన జెల్ సీసాను మగ్గులోంచి తీసి తుడిచారు. పేషెంటును పిలిపించారు.

సింహాద్రి చక్రాల కుర్చీలో వచ్చాడు. వెనక అతని భార్య గౌరమ్మ.

"క్లచ్చి తొక్కే కాలు బాబూ. అది పోతే బండీ కదల్దు, నానూ కదల్ను," అన్నాడు నవ్వబోతూ.

"రాత్రి నిద్ర పట్టిందా?" అన్నారు జగ్గారావు గారు.

గౌరమ్మ అందుకుంది. "ఏటి నిద్ర బాబూ! కాలెత్తి పెట్టుకోమని డాట్రమ్మగోరు తలగడెట్టారు. ఈయన దాన్ని తోసేసి, రాత్రంతా కాలు మంచం కిందికి ఏలాడేసుకుని తొంగున్నాడు. సెప్తే ఇనడు."

"ఏలాడేస్తే నొప్పి తగ్గుతాది. నానేటి సేసీది?" అన్నాడు సింహాద్రి.

నీలవేణి చెయ్యి రిపోర్టు మీద ఆగిపోయింది. వాపు తగ్గుతుందని తలగడ పెట్టింది తనే. నిన్న స్కాన్ చేసింది కూడా కాలు ఆ తలగడ మీద ఉండగానే.

జగ్గారావు గారు సింహాద్రిని బల్ల అంచున కూర్చోబెట్టి కాలు కిందికి వదలమన్నారు. తాను పొట్టి స్టూలు మీద, దాదాపు నేలకి ఆని కూర్చున్నారు. పెద్ద నాళం మూసుకుపోయిన కాల్లోకి పక్కదారుల్లో చేరే రక్తం కొంచెమే. కాలు ఎత్తితే అది పాదం దాకా దిగదు. ఆయన మెల్లగా పారే రక్తం కూడా పట్టుబడేలా యంత్రాన్ని సరిచేసి, చీలమండ లోపలివైపు ప్రోబ్ ఆనించి కదపకుండా ఉంచారు. తెర నల్లగానే ఉంది. గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నలుపులో దారంలా ఒక ఎర్రటి గీత వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.

"పట్టుకో," అని ఆయన ప్రోబ్ నీలవేణి చేతికిచ్చారు. ఆ గీత వెంట ఆమె పాదం దాకా వెళ్లింది. ఎక్కడా తెగలేదు. తొడలోని సిర తీసి, మూసుకుపోయిన చోటు దాటించి కలపడానికి ఆ ఒక్క నాళం చాలు.

మర్నాడు థియేటర్లో కాలు తీయలేదు, బైపాస్ చేశారు. అంతకుముందే నల్లబడిన చిటికెన వేలు మాత్రం పోయింది.

ఆరోనాడు వార్డు రౌండ్లలో పాదం వెచ్చగా ఉంది. కొత్తగా రక్తం చేరిన కాలు కాస్త ఉబ్బింది. నాలుగు నెలల్లో మొదటిసారి, నిన్న రాత్రి రెండు కాళ్లూ మంచం మీదే పెట్టుకుని పడుకున్నాడని గౌరమ్మ చెప్పింది.

"ఎంతసేపు వెతికాక లేదని రాయొచ్చో మీరింకా చెప్పలేదు సర్," అంది నీలవేణి.

జగ్గారావు గారు మంచం పక్కనున్న తలగడ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఎంతసేపని కాదు, కాలు ఎలా ఉంచి వెతికామని. ఇప్పుడు పెట్టమ్మా."