మునసబు విన్న ప్రవచనం

ఆశ్రమంలో శిష్యుడు సర్వేశం ప్రవచనం మొదలుపెట్టాడంటే చాలు, ఊళ్ళో వాళ్ళందరికీ ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చేవి. ఒకావిడకి పొయ్యి మీద పాలు, ఒకాయనకి కట్టెయ్యని దూడ. "ఈ దేహం అశాశ్వతం" అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆశ్రమం చావడిలో సగం చాపలు ఖాళీ.

చివరిదాకా కదలకుండా కూర్చునేది ఒక్క మునసబే. మునసబంటే మనిషి కాదు, ఆశ్రమం కుక్క. వచ్చినవాళ్ళని ఆపాదమస్తకం వాసన చూసిగానీ గేటు దాటనివ్వదు కనక ఆ పేరు స్థిరపడింది. పాపం, ముసలిదైపోయింది. పళ్ళు చాలావరకు రాలిపోయాయి.

దానికి బిస్కెట్లు చేసిపెట్టే పని సర్వేశానిది. ఎవరూ చెప్పిన పని కాదు, తనంత తనే పెట్టుకున్నాడు. గుమ్మడికాయ, క్యారెట్ ఉడకబెట్టి, మగ్గిన అరటిపండు చిదిపి, రాగిపిండిలో కలిపి బిళ్ళలు తట్టేవాడు. ఇసుక పోసిన బాణలిలో పళ్ళెం పెట్టి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి కాల్చేవాడు. భక్తులు తెచ్చిన ఆపిల్ దొరికితే గింజలు తీసేసి అదీ తురిమి వేసేవాడు. ఒకసారి ఒకావిడ ముచ్చటపడి గుప్పెడు కిస్‌మిస్ వేయబోతే "అమ్మా, కుక్కకి అది విషం!" అని గావుకేక పెట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ దేహం గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. చల్లారాక బిస్కెట్లు జోలెలో వేసుకుని, ఆ జోలె భుజాన తగిలించుకుని ప్రవచనానికి కూర్చునేవాడు.

ఒకనాడు అతను గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గురువుగారిని అందరూ బోడికొండ స్వామి అంటారు. ఆయన అప్పుడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"స్వామీ, పట్నంవాళ్ళు ప్రవచనాలకి ఎవరినైనా పంపమని మిమ్మల్ని అడిగారు కదా. నన్ను పంపండి. ఈ ఊరివాళ్ళకి నా మాట తలకెక్కడం లేదు."

"ఇక్కడ ఎక్కనిది అక్కడ ఎక్కుతుందా?"

"లోపం నా మాటలో లేదు స్వామీ. ఉంటే మునసబు ఎందుకు వింటుంది? రెప్ప వెయ్యదు. ఒక్కోసారి నోట్లోంచి చొంగ కూడా కారుతుంది. అంత తన్మయత్వం!"

స్వామి నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఆయన పడ్డ పాట్లు ఆ చిక్కుడుకాయలకే తెలియాలి. "సరే, సాయంత్రం నేనూ వచ్చి వింటాను. బాగుంటే పట్నం వెళ్దువుగాని," అన్నారు.

స్వామి వస్తున్నారని తెలిసి సాయంత్రానికి చావడి నిండిపోయింది. సర్వేశం గొంతు సవరించుకున్నాడు.

"ఆ జోలె ఇలా ఇవ్వరా, భుజానికి బరువెందుకు," అంటూ స్వామి దాన్ని అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ దేహం అశాశ్వతం..." అని సర్వేశం ఎత్తుకున్నాడో లేదో, మునసబు లేచి ఒళ్ళు విరుచుకుని, అతనికి వీపు పెట్టి స్వామి ఎదుట కూర్చుంది. సర్వేశం గొంతు పెంచాడు. స్వామి జోలెని కుడిమోకాలి మీదికి జరిపారు. మునసబు తల కుడికి తిరిగింది. ఎడమమోకాలి మీదికి మార్చారు. తల ఎడమకి తిరిగింది. చొంగ కూడా ఎడమకే కారింది.

ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనకెవరో పక్కున నవ్వారు. సర్వేశం మాట మధ్యలో ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది. పట్నం సంగతి దేవుడెరుగు, ఈ ఊళ్ళోనైనా ఇక నోరెత్తగలనా అనుకుంటే ఏడుపొచ్చింది.

స్వామి జోలెలోంచి ఒక బిస్కెట్ తీసి విరిచారు. సగం మునసబుకి పెట్టి, సగం తన నోట్లో వేసుకుని తాపీగా నమిలారు.

"చప్పగా ఉందేంరా?"

"ఉప్పు దానికి మంచిది కాదు స్వామీ," అన్నాడు సర్వేశం, నేలచూపులు చూస్తూ.

"ఇంత మెత్తగా చేశావెందుకు?"

"పళ్ళు లేవు కదండీ. గట్టి రొట్టె వేస్తే తిన్నట్టు నటించి, ఎవరూ చూడకుండా గోడవార పూడ్చిపెట్టి వచ్చేది. అభిమానం దానికి. అది చూశాక పిండి తగ్గించి గుమ్మడికాయ ఎక్కువ వేస్తున్నాను."

"మా అత్తగారూ అంతే బాబూ!" ముందు వరసలో ఒకావిడ కొంగు తీసేసి అంది. "నమల్లేనని చెప్పుకోదు, రొట్టె తలగడ కింద దాచేస్తుంది. ఇవి మనుషులు తినొచ్చా?"

"తినొచ్చమ్మా. ఆవిడకైతే చిటికెడు ఉప్పు వేయండి."

సర్వేశం ముందుకు జరిగి కూర్చున్నాడు. ఉడికిన గుమ్మడికాయ నీళ్ళెలా పిండాలో చేత్తో చూపించాడు. మూత మీద నిప్పులు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పాడు. గుమ్మడి తొక్కలు దూడకి వేయొచ్చా అని ఒకాయన అడిగితే, సన్నగా తరిగి వేయమన్నాడు. అడిగినకొద్దీ చెప్పాడు.

దీపాలు పెట్టే వేళ దాటింది. ఊపిరి తీసుకుని చుట్టూ చూస్తే ఒక్క చాపా ఖాళీ కాలేదు. దూడ ఆయన కూడా అక్కడే ఉన్నాడు. జోలె ఎప్పుడు ఖాళీ చేసిందో, మునసబు వచ్చి సర్వేశం పాదం మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

స్వామి ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుని లేచారు.

"ప్రవచనం బాగుందిరా. పట్నం వెళ్ళు. గుమ్మడికాయ మర్చిపోకు."