నీలిదారం కట్టించుకున్న మహారాజు

తామరకోట అనే ఒకానొక రాజ్యాన్ని విజయమార్తాండుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే పాపం. దానం చేసేవాడు, దేవుడికి దండం పెట్టేవాడు. ఒక్కటే లోపం. తాను తెచ్చింది, తాను మెచ్చింది తప్పంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి సంతలో గుడ్డి గుర్రాన్ని కొన్నాడట. అది పోయి పోయి గోడకు కొట్టుకుంటే, అడ్డంగా ఉందని గోడనే పడగొట్టించాడు గాని గుర్రానికి చూపు లేదని మాత్రం అనలేదు. మా నాయనమ్మ ఈ కథ మొదలుపెట్టినప్పుడల్లా ముందు ఆ గోడ సంగతి చెప్పి నవ్వేది.

ఆ రాజుగారి కొలువులో పేరిశాస్త్రి అని ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే సభలో పంచాంగం చదవడం ఆయన పని. తిథి, వారం, నక్షత్రం చెప్పి, చివర ఒక మాట విసిరి రాజును నవ్వించి వెళ్ళిపోయేవాడు.

ఒక ఏడు, చైత్ర పౌర్ణమి ఇంకా పది రోజులుందనగా, త్రిభువనశర్మ అనే పండితుడు పల్లకీలో దిగాడు. వెనక రెండు బండ్ల తాటాకు గ్రంథాలు.

"ప్రభూ! మనుషులు ఐదు రకాలు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ఎవరిలో ఏ తత్వం ఉందో తెలుసుకుని ఆ పని అప్పగిస్తే మనిషికి అలుపుండదు, పనికి ఆలస్యం ఉండదు. తెలియక తమరి కోటలో అందర్నీ తారుమారుగా ఉంచారు" అన్నాడు.

"నాలో ఏ తత్వం ఉంది?" అన్నాడు రాజు, మీసం సవరించుకుంటూ.

పండితుడు ఒక్కసారి తలెత్తి చూశాడు. "తమరిలో ఐదూ సమపాళ్ళలో ఉన్నాయి. వెయ్యేళ్ళకొకరు!"

ఇంకేం కావాలి. ఆ పూటే శాసనం తయారై రాజముద్ర పడింది. "కోటలో ఉప్పు తిన్న ప్రతి ఒక్కరూ పండితుడు కట్టిన దారం ప్రకారమే పని చేయాలి. ఎవరికీ మినహాయింపు లేదు. పౌర్ణమి నాడు దీన్ని రాగిరేకు మీద చెక్కిస్తాం. ఆ తర్వాత మార్పు లేదు."

మర్నాటి నుంచి దారాలు కట్టడం మొదలైంది. భూమికి పసుపు, నీటికి తెలుపు, నిప్పుకు ఎరుపు, గాలికి నీలం. పేరిశాస్త్రి చెయ్యి చాపితే పండితుడు నాడి చూసి పెదవి విరిచాడు.

"ఆకాశం. లోపలంతా ఖాళీ. ఏ పనికీ అక్కరకు రాడు. దారం కూడా దండగ."

"తమరి దయ" అని పేరిశాస్త్రి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

కత్తిసాము నేర్పే రుద్రప్పది నిప్పు అని తేలింది. అతన్ని వంటశాలకు పంపారు.

"కత్తి పట్టిన చేత్తో నన్ను గరిటె పట్టమంటారా!" అని అతను ఊగిపోయాడు.

"చూశారా, ఎంత వేడి ఉందో!" అన్నాడు పండితుడు మురిసిపోతూ.

మరి వంటశాలలో ముప్పయ్యేళ్ళుగా ఉన్న సూరమ్మ? ఆవిడ చెయ్యి పట్టుకోగానే పండితుడు "చల్లని చెయ్యి. నీటి తత్వం. ఏనుగుల శాలలో నీళ్ళు తోడాలి" అన్నాడు.

సూరమ్మకు అరవై దాటాయి. ముందూ వెనకా ఎవరూ లేరు. వంటశాల పక్క కొట్టుగదిలో ఒక చాప, ఒక రాముడి పటం, అంతే ఆవిడ ఆస్తి. ప్రతి పౌర్ణమికి కోటలోని అమ్మవారికి మడి కట్టుకుని నైవేద్యం వండేది. రాజుగారికి అన్నప్రాశన నాటి పరమాన్నం వండిందీ ఆవిడే. గట్టిగా మాట్లాడటం ఎరగదు. తెల్లదారం కట్టించుకుని, కళ్ళొత్తుకుని, ఏనుగుల శాల దారి పట్టింది.

మూడో రోజుకే నడుం పట్టేసింది. ఏనుగులకేం, ఎన్ని కడవలు పోసినా చాలవు. పేరిశాస్త్రి అటు వెళ్ళేసరికి ఆవిడ కడవ దించి గట్టు మీద కూర్చుని ఉంది.

"ఒంటి నొప్పికి కాదు నాయనా" అంది. "ఈ పౌర్ణమికి అమ్మవారికి ఎవరి చేతి వంట పెడతారో అని. ఆ రుద్రప్ప స్నానమైనా చేస్తాడో లేదో. రాగిరేకు పడ్డాక ఇక నాకు ఆ గడప ఎక్కే రాతే లేదు కదా."

అప్పుడే వంటశాల వైపు నుంచి ఎండుమిరప ఘాటు లేచింది. రుద్రప్ప పులిహోరకు పోపు పెట్టాడు. కోటంతా తుమ్ములు. అంతకుముందు గుమ్మడికాయను ఒక్క వేటుతో నరికితే కింద పీట కూడా రెండు ముక్కలైందట.

సభలో రాజు కూడా తుమ్ముతూనే ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"పోపు... హాచ్... వీరోచితంగా ఉంది" అన్నాడు.

పేరిశాస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఉంది ప్రభూ. శాస్త్రం గొప్పది. కాకపోతే జనం ఒకటి గొణుగుతున్నారు. తమరిలో ఐదు తత్వాలూ ఉన్నాయని పండితులు కిరీటం చూసి చెప్పారట గాని నాడి చూసి కాదట. నేనన్నది కాదు సుమండీ."

"ఎవడన్నాడు? నాడి చూసినా అదే చెబుతాడు!"

"నాడి చూసేటప్పుడు తమరి ముఖం కనిపిస్తుందంటారు ప్రభూ."

"తెర కట్టి చూడమను! అప్పుడూ అదే చెబుతాడు!"

"తమరి ఆజ్ఞ" అన్నాడు పేరిశాస్త్రి, ఆ మాట కోసమే కాచుకున్నట్టు. "రేపు అంతఃపురం వాళ్ళ వంతు. వాళ్ళు బయటి పురుషుడికి కనిపించరు గనుక, తెర వెనక కూర్చుని మణికట్టుకు దారం కట్టుకుంటారు. పండితులు ఇవతల దారం కొస పట్టుకుని నాడి చెబుతారు. ఎవరో ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, అడిగిన వాటికి జవాబు చెబుతుంది. ఆ వరసలో తమరూ కూర్చోండి. పండితులకు తెలియనివ్వకండి. ఒక్కటే, తమరు నోరు విప్పకూడదు. గొంతు గుర్తుపడతారు."

"భేష్! జవాబులు ఎవరు చెబుతారు?"

"సూరమ్మ గారు. చిన్నప్పటి నుంచి తమర్ని ఎరిగిన మనిషి."

రాజు సంతోషించాడు. సూరమ్మ తన గురించి మంచి తప్ప ఏం చెబుతుంది?

ఆ సాయంత్రం పేరిశాస్త్రి ఆవిడతో "అమ్మా, అడిగినదానికి నిజం చెప్పండి. మరేం అక్కర్లేదు" అన్నాడు.

"అది తప్ప నాకు వేరేది రాదు నాయనా" అంది సూరమ్మ.

మర్నాడు సభ నిండింది. పట్టుతెర కట్టారు. పండితుడు కళ్ళు మూసుకుని దారం కొస పట్టుకున్నాడు. ఏడుగురు పరిచారికల వంతు అయింది. ఎనిమిదో మనిషిగా రాజు వచ్చి కూర్చున్నాడు. సూరమ్మ ఆయన మణికట్టుకు దారం కట్టింది.

"ఈమె ఎప్పుడు లేస్తుంది?" అన్నాడు పండితుడు.

సూరమ్మ రాజు ముఖం చూసింది. రాజు ధైర్యం చెప్పినట్టు తలూపాడు.

"ఎండ పెంకుల మీదికి వచ్చాకే అయ్యా. ఇద్దరు లేపాలి. ఒకరు లేపితే మళ్ళీ పడుకుంటారు."

రాజు తలూపడం ఆపేశాడు.

"భోజనం?"

"మొదటి ముద్దలో నెయ్యి తగ్గితే కంచం తోసేస్తారు. అరగంటకు ఆకలేసి మళ్ళీ అడుగుతారు. తోసేసిన సంగతి ఎవరూ ఎత్తకూడదు."

తెర వెనక రాజు పళ్ళు నూరాడు. మాట్లాడితే గొంతు బయటపడుతుంది. చెయ్యి లాగితే దారం తెగుతుంది.

"తప్పు చెబితే వింటుందా?"

"అయ్యో, వినరండీ. మనసు వెన్న. అయినా తప్పని ఒప్పుకోవడం మాత్రం పుట్టుకతో లేదు. మూడేళ్ళప్పుడు పాలగిన్నె దొర్లించి, పిల్లి మీద పెట్టారు. ఇప్పటికీ పిల్లే అంటారు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. పండితుడు కళ్ళు తెరిచి గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. రాయసగాడు ఘంటం పట్టుకున్నాడు.

"రాసుకో. శుద్ధ గాలి తత్వం. నోరు ఆడుతుంది, చెయ్యి ఆడదు. నలుగురి మీద పెత్తనం ఈమెకు పొరపాటున కూడా ఇవ్వరాదు. గొంతు మాత్రం పెద్దది, ఎత్తున కూర్చోవడం ఇష్టం. కాబట్టి మేడ మీద వడియాలు ఎండేచోట కాకులు తోలే పని. నీలిదారం!"

పేరిశాస్త్రి మెల్లగా వెళ్ళి తెర తీశాడు.

తెర వెనక కిరీటంతో సహా విజయమార్తాండుడు, ముఖం కందగడ్డలా.

పండితుడి చేతిలోంచి దారం జారింది. "ప్ర... ప్రభూ! గాలి అంటే సామాన్యమా! సాక్షాత్తు ఆంజనేయస్వామి తండ్రి!"

"మరి కాకులో?" అన్నాడు పేరిశాస్త్రి.

"శాస్త్రీ!" రాజు లేచి అరిచాడు. "నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"ఎంతమాట ప్రభూ! నేను ఖాళీ మనిషిని, నాకేం తెలుసు. ఒక్క సందేహం తీర్చండి చాలు. పండితుల శాస్త్రం నిజమైతే తమరు మేడ ఎక్కాలి. శాసనం మీద ముద్ర తమదే, మినహాయింపు లేదన్నదీ తమరే. శాస్త్రం తప్పైతే ఈ కోటలో కట్టిన దారాలన్నీ విప్పాలి. ఏది సెలవిస్తారు?"

తప్పు అన్న మాట రాజు గొంతు దాకా వచ్చింది. గుడ్డి గుర్రం నాడు కూడా అక్కడి దాకా వచ్చే ఆగింది.

"నేను తెచ్చిన పండితుడు తప్పు చెప్పడు!" అన్నాడు. "మేడ ఎక్కడ?"

అలా విజయమార్తాండుడు నీలిదారంతో మేడ ఎక్కాడు. చాపల మీద గుమ్మడి వడియాలు, మినప వడియాలు, కొత్త అప్పడాలు. చుట్టూ పిట్టగోడ మీద కాకులు.

"పొండి! మేమెవరో తెలుసా?" అని గర్జించాడు. కాకులు తల ఒక పక్కకు వంచి విన్నాయి. ఇటు తోలితే అటు వాలాయి. రాజు చేతికర్ర విసిరితే అది అప్పడాల మీద పడింది. మధ్యాహ్నానికి సగం చాప ఖాళీ. నీడకని పాతిన వెండిగొడుగు మీద ఒక ముసలికాకి స్థిరంగా కూర్చుని, ఆయన అరిచినప్పుడల్లా తిరిగి అరిచింది.

సూరమ్మకు మనసు ఆగలేదు. చల్ల చెంబుతో, ఒక ఆకులో అన్నం ముద్దతో పైకి వచ్చింది. ఏమీ అనకుండా ముద్దను ఆ చివర పిట్టగోడ మీద పెట్టి, కావుకావుమని పిలిచింది. కాకులన్నీ అటు వెళ్ళాయి. తిన్నంత తిని ఎగిరిపోయాయి. ముసలికాకి కూడా.

రాజు చెంబు పట్టుకుని నోరు తెరిచి చూశాడు. "ఇదేం మంత్రం సూరమ్మా?"

"మంత్రమేముంది బాబూ. మనం తినేముందు వాటికో ముద్ద పెట్టాలి కదా. రోజూ పెడితే వడియాల జోలికి రావు. అరిస్తే మాత్రం ఏదో ఉందని పక్క ఊరి కాకులు కూడా వస్తాయి."

"ఇది ఏ తత్వం వాళ్ళకు తెలుస్తుంది?"

"తత్వం సంగతి నాకు తెలియదు బాబూ. పెట్టగా పెట్టగా తెలిసింది."

రాజు చల్ల తాగి, మెల్లగా అడిగాడు. "ముప్పయ్యేళ్ళు పొయ్యి దగ్గర ఉన్నావు. నీలో నిప్పు లేకుండానే అంత వంట ఎలా వండావు?"

సూరమ్మ సిగ్గుపడింది. "నవ్వకండి బాబూ. నాకు నిప్పంటే చిన్నప్పటి నుంచి చచ్చేంత భయం. అందుకే కన్ను తిప్పకుండా పొయ్యి ముందే కూర్చునేదాన్ని. ఒక్కనాడూ గిన్నె మాడలేదు."

రాజు ఆవిడను చూశాడు. సగం ఖాళీ అయిన చాపను చూశాడు. తన మణికట్టు మీది నీలిదారాన్ని చూశాడు. ముందు ముక్కులోంచి నవ్వొచ్చింది, తర్వాత పొట్టలోంచి. మెట్ల మీద నిలబడ్డ పేరిశాస్త్రికి వినిపించేంత గట్టిగా నవ్వాడు.

"శాస్త్రీ, పైకి రా! ఆ పాలగిన్నె దొర్లించింది పిల్లి కాదోయ్, నేనే!"

"కోటలో పిల్లి ఒక్కటే ఆ సంగతి ఇవాళ కొత్తగా వింటోంది ప్రభూ" అన్నాడు పేరిశాస్త్రి.

ఆ సాయంత్రమే దారాలన్నీ విప్పించాడు. రుద్రప్ప కత్తి కౌగిలించుకున్నంత పని చేశాడు. త్రిభువనశర్మను కొట్టలేదు, తిట్టలేదు. రుద్రప్ప వండిన పులిహోర మిగిలినదంతా విందుగా పెట్టి, చివరి మెతుకు దాకా తిన్నాక పల్లకీ ఎక్కించారు. పొలిమేర దాటేదాకా తుమ్ములు వినిపించాయట.

"నీకేం కావాలి శాస్త్రీ?" అని రాజు తన మెడలోని బంగారు గొలుసు తీసి ఆయన చేతికి చుట్టాడు. "పండితుడు నీకు దారం లేదన్నాడుగా, ఇదుగో."

"ఖాళీ ఉంటేనే కదా ప్రభూ, ఇలాంటివి పట్టేది" అని ఆయన గొలుసును భద్రంగా దాచుకున్నాడు.

పౌర్ణమి నాడు సూరమ్మ మడి కట్టుకుని వంటశాల గడపకు పసుపు రాసి, పొయ్యికి దండం పెట్టి, భయంభయంగా నిప్పు అంటించింది. అమ్మవారికి పరమాన్నం నైవేద్యమైంది. అడుగంటలేదు.

రాగిరేకు అప్పటికే తయారై ఉంది. ఏం చెక్కమంటారని శిల్పి వచ్చి అడిగితే, రాజు చాలాసేపు ఆలోచించాడట. తాను స్వయంగా చేసి తెలుసుకున్నది ఆయనకు ఒక్కటే తట్టింది. దాన్నే చెక్కించి, కింద రాజముద్ర వేసి, మేడమెట్ల దగ్గర పెట్టించాడు.

"వడియాలు పెట్టేవారు ముందుగా కాకికి ముద్ద పెట్టవలెను. అరవరాదు."