చెంచాడు చేమిరి

అనగనగా కంచుకోట రాజ్యాన్ని ఏలే ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఒక ఏడు దేశదేశాలకీ పొగజ్వరం పాకింది. పడుకున్నవాడు లేవడు, లేచినవాడు నిలబడడు. ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడి దగ్గర మందుందని తెలిసింది. పెద్దవాడు బయల్దేరి, అలలు చూసి తిరిగొచ్చాడు. రెండోవాడు సముద్రపు హోరు వినే తిరిగొచ్చాడు. పోనిద్దురూ, వాళ్ల ఊసు మనకెందుకు! మూడోవాడు అమరకేతుడు మాత్రం వెళ్లాడు.

కంచుకోటకి ఓడలు లేవు. ఏటికి అవతల ఉన్న వెదురుగిరికి ఉన్నాయి. అక్కడి రాకుమారి మంజువాణి అతనికి ఓడనిచ్చింది, ఓడ నడిపే సరంగు పోలయ్యనిచ్చింది, మాటలు నేర్చిన నీటికుక్కనిచ్చింది.

"మా దగ్గరా జ్వరమే. మందు దొరికితే మాకూ పంచు, అంతే," అంది.

"మాటిస్తున్నాను," అన్నాడు అమరకేతుడు.

పోలయ్య భార్య అప్పటికే మంచం పట్టింది. అయినా అతను ఓడెక్కాడు.

ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడి ప్రాణం చిలకలో, చిలక పంజరంలో, పంజరం మడుగు అడుగున గుహలో. నీటికుక్క బుడుంగున మునిగి పంజరం కరుచుకొచ్చింది. అమరకేతుడు చిలక మెడ పట్టుకున్నాడు.

"బాబ్బాబు, మెడ వదులు!" అంటూ మాంత్రికుడు కుండెడు పెరుగు తెచ్చి ముందు పెట్టాడు. "చెంచాడు తింటే జ్వరం దిగుతుంది. చెంచాడు చేమిరి వేస్తే కుండెడు పాలు తోడుకుంటాయి. ఎంత పంచినా తరగదు."

మాంత్రికుడు మళ్లీ తోక జాడించకుండా చిలకని నీటికుక్కకి అప్పగించి వెనక్కి తిరిగారు. ఒడ్డున దిగగానే పోలయ్య ఒక చిన్న గిన్నె చాచాడు.

"మూత మా నాన్నగారి చేత తీయించాలి పోలయ్యా. రేపే పంపిస్తాను," అన్నాడు అమరకేతుడు.

"చిత్తం బాబూ," అన్నాడు పోలయ్య.

కంచుకోటలో ఒకటే పూలు, ఒకటే బాజాలు. "ముందు మనవాళ్లు! చుక్క కూడా పొలిమేర దాటడానికి వీల్లేదు!" అని రాజు చాటింపు వేయించాడు. జనం జై కొట్టారు. అమరకేతుడు నోరు విప్పలేదు. మెడలో దండలున్నాయి మరి, హాయిగానే ఉంది.

మందు లేకుండా ఇంటికి పోలేక ఇవతలి ఒడ్డునే ఉండిపోయిన పోలయ్య కోటకి వచ్చాడు. "రేపు రా," అన్నాడు అమరకేతుడు. మళ్లీ వచ్చాడు. "మావాళ్లందరికీ అయ్యాక చూద్దాం," అన్నాడు. మూడోసారి, నీటికుక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. "రాకుమారులు లేరు," అన్నాడు కావలివాడు.

లేకపోవడమేం, తెర వెనకే ఉన్నాడు!

"మా ఇంటిదానికి బాబూ, ఒక్క చెంచా," అని పోలయ్య అడగడం అతనికి వినపడుతూనే ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా పరాయివాళ్లకి పెట్టాడని జనం ఛీ కొడతారేమోనని కదల్లేదు.

"చేమిరి అడిగిన మనిషిని వట్టిచేత్తో పంపే కొంప ఇదొక్కటే!" అని గొణుక్కుంటూ వంటింటి పుల్లమ్మ, దొడ్డిగుమ్మం దగ్గర పోలయ్యకి తామరాకులో చెంచాడు వేసింది.

కంచుకోటలో అందరికీ నయమైంది. రాజు మిగిలిన పెరుగంతా, ఇళ్లల్లో గిన్నెలతో సహా, ఖజానాలో పెట్టించి లక్కముద్ర వేయించాడు. ఆయనెప్పుడైనా పాలు తోడుపెట్టిన మొహమా? రోజూ కొత్తపాలలో వెయ్యకపోతే చేమిరి బతుకుతుందా?

మూడు నెలలకి, మందు అందని దేశాలన్నీ తిరిగి తిరిగి జ్వరం మళ్లీ కంచుకోటకే వచ్చింది. రాజే ముందు పడ్డాడు. ముద్ర పగలగొట్టి చూస్తే కుండల నిండా పురుగులు.

అమరకేతుడు ఖాళీ కుండ పట్టుకుని ఏరు దాటాడు. రేవులో పోలయ్యే ఉన్నాడు.

"పోలయ్యా... మీ ఇంట్లో?"

"నేను చేమిరి తెచ్చేసరికి పోయి మూడు రోజులైంది బాబూ. ఆ చెంచాడుతోనే ఊళ్లన్నీ లేచాయి. అది లేవలేదు."

"ఆవేళ నేను తెర వెనకే ఉన్నాను."

"తెలుసు బాబూ. తెర కింద తమరి చెప్పులు నీటికుక్క చూసింది."

అంతే. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. కుండ అందుకుని నిండా పెరుగు పోసి తెచ్చి, "వెళ్లండి బాబూ, అక్కడ మీవాళ్లు ఆగలేరు," అన్నాడు. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంటూ అమరకేతుడు తల దించుకుని పడవెక్కాడు.

కంచుకోట లేచింది. ఆ తర్వాత మూడేళ్లు అమరకేతుడే చేమిరి కుండ నెత్తిన పెట్టుకుని అడగని దేశాలకి కూడా తిరిగాడు. అదంతా చూసి చూసి మంజువాణి పెళ్లికి సరేనంది. నలభై ఏళ్లు రాజ్యమేలారు, పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు.

"నాన్నా, ఏడు సముద్రాల కథ!" అని పిల్లలు మీద పడేవాళ్లు. ఆయన కుండ తెచ్చేదాకా చెప్పి లేవబోయేవాడు.

"మిగతాది కూడా చెప్పండి," అనేది మంజువాణి.

మళ్లీ కూచుని, నేల చూపులు చూస్తూ, మిగతాది కూడా చెప్పేవాడు.

"మరి పోలయ్య తాత వాళ్లావిడకి తగ్గిందా నాన్నా?" అని చిన్నది ప్రతిసారీ అడిగేది.

"లేదమ్మా," అని ప్రతిసారీ ఆయనే చెప్పాల్సొచ్చేది.

ఇంతే పిల్లలూ కథ. లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.