ఖాళీ జెండా కొయ్య

అనగనగా, ఉప్పుకు ముత్యాలంత మర్యాద దక్కే రోజుల్లో, తూర్పు సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం. ఆ రాజ్యంలో మార్కండేయశాస్త్రి అని ఒక వాన పండితుడు ఉండేవాడు.

శాస్త్రి నోటికొచ్చింది చెప్పే రకం కాదు. త్రాసుకు దూది వేలాడదీసి, అది ఎంత చెమ్మ పీల్చిందో తూచేవాడు. గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో చూసేవాడు. చీమలు గుడ్లు మోస్తున్నాయేమోనని నడుం వంచి వెతికేవాడు. చూసిందల్లా తాటాకుల మీద రాసేవాడు. అలా ముప్పై ఏళ్ళు రాశాడు.

పొద్దున్నే కోట బురుజు మీద జెండా ఎత్తేవాడు. తెల్లజెండా అంటే ఎండ. నల్లజెండా అంటే వాన. కింద ఉప్పుమళ్ళలో పనిచేసే నూకాలమ్మ అనే ఆవిడా, ఆమె తోటివాళ్ళూ ఆ జెండా చూశాకే పనిలోకి దిగేవారు. ఎండ కాస్తుందంటే ఉప్పు గింజ కట్టేదాకా మళ్ళను కదపకూడదు. వాన వస్తుందంటే ఉన్నపళంగా ఉప్పు గోకి, కుప్ప పోసి, తాటాకులు కప్పాలి. తొందరపడితే పచ్చి ఉప్పు. ఆలస్యమైతే అంతా నీళ్ళపాలు. వాళ్ళ ఏడాది తిండి ఆ జెండాను నమ్ముకుని ఉండేది.

ఒకనాడు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. శాస్త్రి నల్లజెండా ఎత్తాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. అయినా కుప్పలు కప్పారు. మధ్యాహ్నానికి కుండపోత! ఉప్పు దక్కింది.

ఇంకొకనాడు ఆకాశం కాటుక పూసినట్టుంది. శాస్త్రి తెల్లజెండా ఎత్తాడు. నూకాలమ్మ మబ్బుకేసి ఒకసారి, జెండాకేసి ఒకసారి చూసి, మళ్ళను కదపకుండా వదిలేసింది. సాయంత్రానికి మబ్బులన్నీ సముద్రం మీదికి సాగిపోయాయి. మళ్ళలో ఉప్పు మల్లెమొగ్గల్లా గింజకట్టింది.

"మా శాస్త్రికి తెలియనిదంటూ లేదు!" అని రాజు శాలువా కప్పాడు. ఆ మాట శాస్త్రి తలకెక్కింది. నడివేసవిలో ఉక్కపోసి చస్తున్నా ఆ శాలువా తీసేవాడు కాదు మహానుభావుడు.

మరొకనాడు రాజు పొరుగు రాజును వెంటబెట్టుకుని బురుజెక్కాడు. శాస్త్రి చేసే వింతను అతనికి చూపించాలని ముచ్చట.

ఆ పొద్దున దూది పొడిగా ఉంది. గాలి మాత్రం తూర్పునుంచి తడిగా వీస్తోంది. చీమలు గుడ్లు పైకి తెచ్చి, మళ్ళీ లోపలికి మోసుకుపోతున్నాయి. శాస్త్రి గబగబా తాటాకులు తిరగేశాడు. ఇలాంటి పొద్దు ముప్పై ఏళ్ళలో మూడుసార్లు వచ్చింది. ఒకసారి వాన పడింది, ఒకసారి పడలేదు, ఒకసారి నాలుగు చినుకులు రాలి ఊరుకుంది.

అంటే, తెలియదు.

ఆ ఒక్క మాట శాస్త్రి పైకి అనలేకపోయాడు. ఇద్దరు రాజులు చూస్తున్నారు. శాలువా బుజాల మీద బరువుగా ఉంది. చేతికందిన తెల్లజెండా ఎత్తేశాడు.

మిట్టమధ్యాహ్నం వాన విరుచుకుపడింది.

శాస్త్రి పరుగెత్తుకుంటూ మళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఉప్పు లేదు. మోకాలిలోతు బురదనీళ్ళలో జనం నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవలేదు, తిట్టలేదు. నూకాలమ్మ మాత్రం అడిగింది.

"శాస్తుర్లుగారూ, తమరు లెక్క తప్పారా? తెలీకుండానే జెండా ఎత్తారా?"

"లెక్క... లెక్క తప్పింది, నూకాలమ్మా."

"పోన్లెండి బాబూ, ఎవులికైనా తప్పుతాది. తడిసిపోతన్నారు" అంటూ, ఉప్పు మీద కప్పాల్సిన తాటాకు తెచ్చి ఆయన తలమీద పట్టింది.

ఆమె చెంపమీద కొట్టినా ఆయనకు అంత సిగ్గు కలిగేది కాదు. ఆ ఆకు కింద నిలబడలేక, తలవంచుకుని వానలోనే ఇంటికి పోయాడు. అన్నం సహించలేదు. నూకాలమ్మ ముఖం కళ్ళముందునుంచి పోలేదు.

మర్నాడు సభలో రాజు మండిపడ్డాడు. "పొరుగు రాజు ముందు నా పరువు తీసింది నీ శాస్త్రం! అబద్ధాల శాస్త్రం! ఆ తాటాకులన్నీ తగలబెట్టండి!"

భటులు కట్టలు ఎత్తారు. ముప్పై ఏళ్ళ చూపు అది. ఉప్పువాళ్ళంతా సభలో ఒక మూల నిలబడి ఉన్నారు. శాస్త్రి శాలువా తీసి రాజు ముందు పెట్టాడు.

"ప్రభూ, తాటాకులు అబద్ధం చెప్పలేదు. తెలియదనే చెప్పాయి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి నేను అబద్ధమాడాను. నిన్న నూకాలమ్మకు మళ్ళీ అబద్ధమాడాను. తగలబెట్టాల్సింది ఉంటే ఈ శాలువాను తగలబెట్టండి."

శాస్త్రి తల ఎత్తలేదు. రాజు కూడా కాసేపు నేల చూశాడు. తెలియనిదంటూ లేదన్నది తనే కదా! ఉప్పువాళ్ళకు ఏడాది తిండి తన గాదెలనుంచి కొలిపించాడు. తాటాకులు వాటి చోటికి చేరాయి.

"తెలీదని మీ ఆకులు ముందే చెప్పాయి, తమరే మాకు చెప్పలేదన్నమాట" అంది నూకాలమ్మ. ఆ ఒక్క మాటకే శాస్త్రి కుంగిపోయాడు.

మరుసటి వేసవిలో అలాంటి పొద్దే మళ్ళీ వచ్చింది. పొడి దూది, తడి గాలి, ఎటూ తేల్చుకోని చీమలు. శాస్త్రి రెండు జెండాలూ పక్కనపెట్టి, కొయ్యను ఖాళీగా వదిలేశాడు. ఊరంతా చూస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

కింద నూకాలమ్మ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఇయ్యాల ఆయనకీ తెలీదంట! సగం మళ్ళు గోకి కప్పండి, సగం వదిలేయండి!" అని కేక వేసింది.

సాయంత్రం వాన వచ్చింది. సగం పోయింది, సగం దక్కింది. నూకాలమ్మ బురుజు వైపు తిరిగి అరిచింది. "రేపు కూడా తెలీకపోతే ఇలాగే చెప్పండి బాబూ!"

ఏడాది తరువాత శాస్త్రి మొదటిసారి తల ఎత్తాడు.

శాస్త్రానికి హద్దు ఉండటం సిగ్గు కాదు, ఆ హద్దును దాచిపెట్టడమే సిగ్గు.