వెనక్కి చూడని తల్లి

జపాను కొండల్లో ఒక చిన్న సన్యాసినుల మఠం. పన్నెండో నెల పదకొండో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు, మంచులో తడిసిన తమ్ముడు యసుకిచి గుమ్మంలో నిలబడి, "అక్కా, అమ్మ ఇంక ఆగేటట్టు లేదు. నీ పేరే పలవరిస్తోంది, రా" అన్నప్పుడు సుతె చేతిలో బియ్యం చేట ఉంది.

"ఏ పేరు? తను పెట్టిన పేరేనా?" అంది సుతె, తలెత్తకుండానే. అతను ఒక్కడే కొండ దిగిపోయాడు.

సుతె అంటే వాళ్ళ భాషలో 'పారేసినది'. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళలో, మన వైపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటమ్మ అని పిలుచుకున్నట్టే, అక్కడా పసిగుడ్డును చేటలో పెట్టి నాలుగు దార్లు కలిసేచోట వదిలేవారు. ముందే మాట్లాడుకున్న మనిషి ఎత్తుకొచ్చి తల్లికి అప్పగించేది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ కాబోలునని మృత్యువు తన దారిన తాను పోవాలని. సుతెకు ముందు ముగ్గురు పోయారు. సుతెను ఎత్తుకొచ్చింది మఠానికి పెద్ద అయిన మ్యోషిన్ అమ్మగారే.

వంటమనిషి తోమె ఊరుకోలేదు. "ఓయబ్బో, పేరుకే ఇంత అలకా? నా పేరుకి 'ఇక చాలు' అని అర్థం. ఏడో ఆడపిల్లనని మా నాన్న పెట్టాడు. నా వెనకాల ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు! వెళ్ళవే తల్లీ."

సుతె నవ్వలేదు. చేట కింద పెట్టి గురువు ఎదుట కూర్చుంది.

"అమ్మగారూ, రేపు పొద్దున తల గొరిగి కొత్త పేరు పెడతామన్నారు. దానికోసమే కాచుకుని ఉన్నాను. బిడ్డను అలా దారిలో వదలడం ఆచారమేనని నాకూ తెలుసు. కానీ మా అమ్మ నన్ను వదిలి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదని ఊరంతా పొగుడుతుంది. కన్నతల్లికి అదెలా చేతనైంది?"

మ్యోషిన్ అమ్మగారు దేనికీ సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. కుంపట్లో బొగ్గులు ఎగదోస్తూ అన్నారు:

"ఆవేళ నా గడ్డిచెప్పు తాడు తెగింది. ముడేసుకుని దిగేసరికి ఆలస్యమైంది. మంచు పడుతోంది. నువ్వు చేటలో నిద్రపోతున్నావు. ఊరివైపు మీ అమ్మ అడుగులు పదింటి దాకా తిన్నగా ఉన్నాయి. పదో అడుగు దగ్గర నల్లమట్టి తేలేదాకా మంచు తొక్కి ఉంది. వెనక్కి చూస్తే బిడ్డ దక్కదంటారు. ఆమె చూడలేదు."

ఇంకో బొగ్గు ఎగదోసి అన్నారు: "వెళ్ళనూ లేదు. నా అలికిడి విన్నాకే కదిలింది."

సుతె చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తింది. ఆ నాలుగు దార్ల దగ్గరే, ఇంటికి పోయి మళ్ళీ పైకొస్తున్న యసుకిచి ఎదురయ్యాడు.

"మెల్లగా నడువక్కా," అన్నాడు. "ఇంక తొందరేం లేదు."

మర్నాడు పొద్దున మఠంలో మంగలికత్తి బయటికి తియ్యలేదు. అందరూ చావింటికి బయల్దేరారు. తోమె ముందు నడుస్తూ అమ్మగారి కోసం దారిలో మంచు ఊడ్చింది. నాలుగు దార్ల దగ్గర ఒకచోట మంచు తొక్కి నల్లమట్టి తేలి ఉంది, అందులో చెప్పుల్లేని పాదాల అచ్చులు.

"ఎవరో గానీ ఇక్కడ చాలాసేపే నిలబడ్డారు" అంటూ చీపురు ఆనించబోయింది.

"అక్కడ ఊడవకు తోమే," అన్నారు మ్యోషిన్ అమ్మగారు. "అప్పుడూ నేను పక్కనుంచే నడిచాను."